నీటిదుప్పి మాంసం, దైలెసి పంతం

అల్లుడి ముఖం ఎలా ఉంటుందో దైలెసికి తెలియదు. మూడు వానకాలాలుగా ఆమె చూసింది అతని మడమలను మాత్రమే. వాకిట్లో అడ్డంగా కట్టిన గడ్డి తడిక కింద బెత్తెడు సందు ఉండేది. ఆ సందులో పొద్దున్నే రెండు మడమలు వచ్చేవి, సాయంత్రం రెండు మడమలు పోయేవి. వాటి పగుళ్ళలో చేను మట్టి. అతని దగ్గు ఆమెకు తెలుసు. గొడ్డలి పట్టినప్పుడు రెండు దెబ్బలకొకసారి ఊపిరి వదులుతాడని తెలుసు. కూతురు ఫలెసి నవ్వుల్లో ఏ నవ్వు అతని వల్ల వచ్చిందో అదీ తెలుసు.

లువాంగ్వా ఏటి లోయలో అత్త అల్లుడి కంట పడకూడదు, అతనితో నేరుగా మాట్లాడకూడదు. పెళ్ళయ్యాక అల్లుడే పిల్ల ఊరికి వచ్చి మూడేళ్ళు చాకిరీ చెయ్యాలి. పొదలు నరికి చేను చెయ్యాలి, గాదె కట్టాలి, చివరికి ఒక జంతువును వేటాడి అత్త వాకిట్లో పెట్టాలి. వంశం పెద్దలు ఆ మాంసం తిని మెచ్చిన నాడు అత్త తన చేత్తో అల్లుడికి ముద్ద పెడుతుంది, తడిక పీకేస్తారు. మెచ్చకపోతే అతను గొడ్డలి భుజాన వేసుకుని వచ్చిన దారినే వెళ్ళిపోవాలి. పిల్ల ఇక్కడే ఉండిపోతుంది.

అల్లుడి పేరు యోతాము. లోయవాడు కాదు, పైన పీఠభూమి మీది ఊరివాడు. అక్కడ మేకలు కాస్తారు, పొగాకు వేస్తారు. వేట వాళ్ళ చేతిలో ఉండదు.

ఆ ఇంట మాట చెల్లేది దైలెసి అన్న జెబెదియాది. ఊరి పెద్ద, పైగా పిల్లకు మేనమామ. అతనికి యోతాము ఏనాడూ మింగుడు పడలేదు. కచేరీ ఊళ్ళో కొట్టూ సైకిలూ ఉన్న ఒక మనిషిని మేనకోడలికని మనసులో అట్టిపెట్టుకున్నాడు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన నాలుగో ఏడు, అక్టోబరు ఎండలకు ఏరు మడుగులు మడుగులుగా తెగిపోయి, ఆకాశం కాల్చిన పెంకులా ఉన్న రోజుల్లో, అతను కచేరీకి వెళ్ళి ముద్ర వేసిన వేట కాగితం తెచ్చాడు. అందులో ఒకే ఒక జంతువు పేరుంది. నీటిదుప్పి.

"జింక పేరు రాయించడానికి నోరు రాలేదా?" అంది అతని భార్య ఎలినెసి.

"జింక కాగితాలు అయిపోయాయట."

"అయిపోయాయా, నువ్వెళ్ళేసరికి అయిపోయాయా?"

జెబెదియా ముక్కుపొడి పీల్చుకున్నాడు.

తోక చుట్టూ తెల్లటి సున్నా గీసుకుని నీళ్ళ వారగా తిరిగే పెద్ద దుప్పి అది. చూడటానికి రాజులా ఉంటుంది. కానీ దాని వెంట్రుకలకు ఒక జిడ్డు. ముట్టుకుంటే వేళ్ళకు అంటుకుని మూడు రోజులు వదలని జిడ్డు. అది మాంసానికి తగిలిందంటే కుక్క కూడా ఒకసారి ఆలోచిస్తుందని లోయలో అంటారు. అందుకే దాన్ని వలిచేటప్పుడు ఎడమ చెయ్యి తోలుకు, కుడి చెయ్యి మాంసానికి. తోలు కోసిన కత్తి వేరు, మాంసం కోసే కత్తి వేరు. ఇది లోయలో పుట్టినవాడికి తల్లిపాలతో పాటు వస్తుంది. యోతాముకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన మామగారు పోయి తొమ్మిదేళ్ళయింది. మేనమామ చెప్పదలుచుకోలేదు. అత్త చెప్పకూడదు.

దైలెసి ఆ రోజు ఒక తప్పు చేసింది. తుపాకీ మోసే ఇద్దరు మనుషులు వెంట వెళ్ళారు కదా, వాళ్ళలో ఎవరో ఒకరు చెప్పే ఉంటారులే అనుకుంది. ఆ ఇద్దరూ అత్తవారింట్లో ఎవరో చెప్పే ఉంటారులే అనుకుని తల, కాళ్ళు, పేగులు తమ వంతు పుచ్చుకుని నీడన పడుకున్నారు.

పొద్దు బారెడెక్కేసరికి యోతాము వచ్చాడు. అడుగుల బరువు వినగానే దైలెసి తడిక వెనక్కి జరిగింది. దుమ్ము పడకూడదని అతను మాంసాన్ని ఆ దుప్పి తోలులోనే మూటగట్టి తెచ్చాడు. కత్తికి జిడ్డు పట్టినప్పుడల్లా ఆ వెంట్రుకలకే తుడుచుకుంటూ కోశాడు. మూట వాకిట్లో దించి విప్పాడు. గాలి ఒక్కసారిగా మారిపోయింది.

"అబ్బో," అన్నాడు జెబెదియా, ముక్కు మూసుకుని, సంతోషం దాచుకోలేక. "ఏమోయ్ అల్లుడా, దుప్పిని చంపావా, లేక చచ్చినదాన్ని ఏరుకొచ్చావా?"

"పొద్దున్నే కొట్టాను మామా. ఒకే గుండు."

"గుండు సరే. ఈ కంపు సంగతేంటి?"

ఎలినెసి ఒక ముక్క కోసి, పొయ్యి మీదున్న దైలెసి మట్టికుండలో పడేసి ఉడికించింది. కాసేపటికి తీసి నోట్లో పెట్టుకుంది. ఆమె మంచి మనిషి, మింగుదామనే చూసింది. గొంతు ఒప్పుకోలేదు. పక్కకు తిరిగి ఉమ్మేసి, "వానలో తడిసిన మేకపోతును నమిలినట్టుందమ్మా," అంది, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ.

తడిక సందులోంచి దైలెసి మడమలను చూసింది. అవి కదలలేదు. వేళ్ళు మాత్రం నేలను పట్టుకున్నాయి, జారిపోతున్న గట్టును పట్టుకున్నట్టు. వాటి పక్కనే ఇంకో రెండు పాదాలు వచ్చి నిలబడ్డాయి. ఫలెసివి.

"కుక్కలకు వెయ్యండి," అన్నాడు జెబెదియా. "ఎల్లుండి పెద్దలు వస్తారు. అల్లుడు చేతులూపుకుంటూ వచ్చాడని చెబుతాను. ఫలెసీ, నువ్వు లోపలికి పో."

"అన్నయ్యా."

తడిక వెనకనుంచి వచ్చిన మాటకు అందరూ అటు తిరిగారు.

"నా వాకిట్లో దించిన మాంసం ఎవరిది?"

"నీదే. అయితే?"

"అయితే కుక్కలకు వెయ్యాలో, పెద్దలకు వెయ్యాలో నేను చెప్పాలి. పెద్దలకే వేస్తాను."

జెబెదియా నవ్వాడు. "దీన్నా? చెల్లీ, ఇంతకాలం నువ్వేదీ పారెయ్యవని నవ్వేవాళ్ళం. ఇప్పుడు జనం ఏడుస్తారు."

"ఏడిస్తే అప్పుడు చూద్దాం."

"సరే. అందరి ముందు అంటున్నాను, వినండి. పెద్దల్లో ఒక్కడు ఉమ్మేసినా సరే, ఒక్కడు మొహం చిట్లించినా సరే, వీడు ఆ సాయంత్రమే కొండెక్కాలి."

"ఒప్పుకున్నాను," అంది దైలెసి. అనేశాక గుండె దడదడలాడింది. ఆ దడ తడిక దాటకుండా రొమ్ము మీద చెయ్యి పెట్టుకుంది.

ఆమెను ఊళ్ళో పారెయ్యని దైలెసి అనేవాళ్ళు. ఆ పేరు ఊరికే రాలేదు. ఫలెసి ఆమె కడుపులో ఉన్న ఏడు ఏరు పొంగి చేలన్నీ కొట్టుకుపోయాయి. ఆ ఏడు ఆమె తల్లి ఆమెకు లోయను మళ్ళీ మొదటినుంచి నేర్పింది. ఏ దుంపను ఎన్ని నీళ్ళలో ఉడికిస్తే విషం దిగుతుందో, ఎండిన నీటిగుర్రం చర్మాన్ని ఎన్ని రోజులు నానబెడితే పళ్ళకు లొంగుతుందో, ముసలి మగ అడవిపంది మాంసంలో వాసన ఎక్కడ దాక్కుంటుందో. తల్లి ఒకటే అనేది: "చెడ్డ మాంసం ఉండదే. తొందరపడ్డ చేతులుంటాయి." ఆ ఏడు ఊళ్ళో ఎన్నో గోరీలు లేచాయి. దైలెసి ఇంటి ముందు ఒక్కటీ లేవలేదు. అప్పటినుంచి ఒక చేప తల, ఒక గింజ పొట్టు, ఒక గుడ్డ పేలిక కూడా ఆమె చేతిలోంచి ఊరికే జారలేదు. భర్త బతికున్నప్పుడు నవ్వుతూ, "నేను చచ్చినా నన్ను పాతిపెట్టదు, ఏదో ఒక పనికి పెట్టుకుంటుంది," అనేవాడు.

అందరూ వెళ్ళిపోయాక ఆమె తడికకు ఇటువైపు రోలు ముందు కూర్చుంది. అటువైపు యోతాము గాదె నీడన ఉన్నాడని దగ్గు చెప్పింది.

"ఓ రోలూ, నీకు చెవులున్నాయా?" అంది.

దగ్గు ఆగింది.

"ఉంటే విను. మాంసాన్ని ముట్టుకున్న చేతులను ముందు బూడిదతో తోముకోవాలి. మోచేతుల దాకా, మూడుసార్లు. కత్తిని నిప్పుల్లో పెట్టాలి. ఆ తోలును ఊరి బయటికి, గాలి వాలుకు విసిరి రావాలి."

అటువైపునుంచి ఒక గొంతు గాదెతో అంది: "ఓ గాదే, తప్పంతా నాదే. నాకు ఎవరూ…"

"ఓ రోలూ, తప్పు చేసినవాడు కూర్చుని ఏడిస్తే ఎండ ఆగదు. మాంసం మెత్తబడుతోంది. చింతచెట్టు ఎంత దూరం?"

"ఓ గాదే, ఏనుగులు తిరిగే వంపు దగ్గర ఒకటుంది. పరిగెడితే మధ్యాహ్నానికి వస్తాను."

"పరిగెత్తమను. ఒక బుట్టెడు. పొగకు మొపానె చెట్టు కట్టెలు కూడా, ఎండినవి."

దారిన పోతున్న ఎలినెసి ఇది విని నిలబడిపోయింది. "ఈ ఇంట్లో మనుషులకన్నా సామాన్లే బాగా మాట్లాడతాయే!"

"వాగింది చాలు వదినా, కూర్చో. కత్తి పట్టు."

"నాకేం పని? నా మొగుడికి కోపమొస్తే?"

"నీ మొగుడికి కోపం రాని రోజు ఎప్పుడు?"

ఎలినెసి కత్తి పట్టింది.

దైలెసి ఒక్కో ముక్కను చేతిలోకి తీసుకుని, ముక్కుకు ఆనించుకుంటుందేమో అనిపించేంత దగ్గరగా పెట్టుకుని వాసన చూసింది. తర్వాత ఒక మూలనుంచి పై పొర పట్టుకుని, ఉల్లిపొర తీసినట్టు, పల్చగా తీసింది. పొర కింద మాంసం ఎర్రగా, తడిగా, అమాయకంగా బయటపడింది.

"చూశావా? వాసన మాంసంలో లేదు వదినా, మాంసం మీద ఉంది. వీడు దుప్పికి దాని చొక్కానే తిరగేసి తొడిగాడు. చొక్కా విప్పితే చాలు."

"మరి ఈ కొవ్వు? ఇంత కొవ్వు! తియ్యకే తల్లీ, కూరకు అదే కదా రుచి."

"ఈ కొవ్వు తింటే నీ అంగిటికి మైనంలా అంటుకుని మళ్ళీ వానల దాకా కంపు కొడుతుంది. తియ్యి. పిసరంతైనా ఉంచకు."

నాలుగోవంతు మాంసం పక్కకు పోయింది. ఏదీ పారెయ్యని మనిషి చేత్తో కోసి పక్కన పెడుతుంటే ఎలినెసి వింతగా చూసింది. కొవ్వు డప్పు చర్మాలకు రాయడానికి ఒక చిప్పలోకి వెళ్ళింది. వాసన పట్టిన పొరలు వాలుగలకు ఎరగా చేపలు పట్టే బుట్టల్లోకి వెళ్ళాయి. మిగిలిన మాంసాన్ని చింతపులుసులో, ఉప్పులో ముంచి, సాయంత్రానికి తీసి, వేలి మందాన పొడుగ్గా చీల్చి, పచ్చి కొమ్మల మంచె మీద ఆరేసి కింద మొపానె పొగ పెట్టింది. ఆ పొగ నీలంగా, నెమ్మదిగా, ఒక పాత జోలపాటలా మంచెలోంచి పైకి లేచింది. మర్నాడంతా ఆమె అక్కడే కూర్చుంది. మంట లేస్తే నీళ్ళు చల్లింది, పొగ తగ్గితే కట్టె తోసింది. ఎండ ఒకవైపు, పొగ ఒకవైపు మాంసాన్ని తాకుతుంటే అది నల్లబడి, బిగుసుకుని, సన్నగా మెరవసాగింది.

ఆ సాయంత్రం ఒక చీలిక తీసి కుండలో వేసి ఉడికించింది. మూత తీసింది. ఆవిరి ముఖానికి కొట్టింది.

అదే వాసన.

దైలెసి గరిటె కింద పెట్టింది. చేతులు ఒళ్ళో పడిపోయాయి. పొర తీసింది, కొవ్వు తీసింది, పులుసులో ముంచింది, పొగ పెట్టింది. ఇంకేం మిగిలింది? తడిక అవతల ఫలెసి, యోతాము ఏదో మెల్లగా మాట్లాడుకుంటున్నారు. ఆ గొంతులు రేపటికి ఒకటవుతాయా, విడిపోతాయా అన్నది ఈ కుండలో ఉంది. పిలిచి చెప్పుకోవడానికి కూడా ఆమెకు మనిషి లేడు. రోలుతో చెప్పుకోవాలి.

ఊరికే, చెయ్యి ఊరుకోక, మంచె మీది ఇంకో చీలిక తీసి నిప్పుల మీద కాల్చి కొరికింది. నమిలింది. ఆగింది. మళ్ళీ నమిలింది.

పొగ, ఉప్పు, చింత. చివర్లో ఏటి ఒడ్డు పచ్చగడ్డిలాంటి తీపి. కంపు లేదు.

కళ్ళు మెల్లగా కుండ వైపు తిరిగాయి. మొదటిరోజు ఎలినెసి ఆ కంపు ముక్కను ఉడికించింది ఇందులోనే. మట్టి తాగుతుంది. తాగినదాన్ని దాచుకుంటుంది. మాంసం ఎప్పుడో బాగుపడింది, కుండే ఇంకా దుప్పిని తలుచుకుంటోంది.

దైలెసి పకపకా నవ్వింది. ఒక్కతే అంతసేపు నవ్వడం విని ఫలెసి పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, ఏమైంది?"

"ఏం కాలేదే. మీ అత్త దగ్గరికి పోయి ఇనప కుండ అడుగు. మొగుడికి చెప్పకుండా తెమ్మను."

మర్నాడు పెద్దలు ఐదుగురు వచ్చారు. మామిడి నీడన చాపలు పరిచారు. జెబెదియా మధ్యన ఎత్తుపీట మీద కూర్చున్నాడు. యోతాము దూరంగా, కంచె పక్కన, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు, గొడ్డలి పక్కనే. ఎటు పోవాల్సి వచ్చినా సిద్ధంగా.

దైలెసి తెల్లవారుజామునే లేచి ఎండు చీలికలను బూడిదనీళ్ళ తేటలో మెత్తబడేదాకా ఉడికించి, ఆ నీళ్ళు వంపేసి, కొత్త నీళ్ళు పోసి, దంచిన వేరుశనగ పొడి వేసి, నూనె పైకి తేలేదాకా కదలకుండా కూర్చుని ఉడికించింది. ఫలెసి జొన్న సంగటి ముద్దలు, కూర గిన్నెలు మోసుకెళ్ళి పెద్దల ముందు దించింది. చేతులు కడిగించింది. వెనక్కి వచ్చి తడిక పక్కన తల్లి చెయ్యి పట్టుకుంది.

మొదట తిన్నది సకరియా తాత. నోట్లో పన్ను లేదు, వంశంలో అతనికన్నా పెద్ద లేడు. సంగటి చిదిమి, కూరలో ముంచి, నోట్లో పెట్టుకున్నాడు. చిగుళ్ళు కదిలాయి. అందరూ ఆ చిగుళ్ళనే చూశారు.

"ఇదేం జంతువు?" అన్నాడు తాత.

ఇంకోసారి చిగుళ్ళతో నొక్కి చూశాడు.

"జింకా?"

"కాదు తాతా," అన్నాడు యోతాము కంచె దగ్గరనుంచి. "నీటిదుప్పి."

తాత అతని వైపు తేరిపార చూశాడు. "నాకు పళ్ళు లేవు గానీ నాలుక ఉందిరా అబ్బాయ్. ముసలివాణ్ణని ఆటపట్టిస్తున్నావా?" అని ఇంకో ముద్ద తీసుకున్నాడు.

మిగతా నలుగురి చేతులూ గిన్నెలోకి దిగాయి. నమలడం, వేళ్ళు నాకడం, ఊపిరి పీల్చడం. లోయలో అంతకన్నా మంచి పాట లేదు.

జెబెదియా మాత్రం నెమ్మదిగా తింటున్నాడు. అతను తినడానికి తినడం లేదు, వాసన కోసం వెతుకుతున్నాడు. ఒక ముక్క నమిలి కళ్ళు మూసుకున్నాడు. దొరకలేదు. ఇంకో ముక్క, ఎముక పక్కది. లేదు. అడుగున ఉంటుందేమోనని పులుసు గీరాడు. పులుసులోనూ లేదు. వెతికి వెతికి గిన్నె ఖాళీ చేశాడు.

"ఏమయ్యా, దొరికిందా?" అంది ఎలినెసి.

"ఏంటి?"

"ఇందాకటినుంచి వెతుకుతున్నావుగా, కంపు."

"ఇంకో గిన్నె తే. ఒక్క గిన్నెతో ఏం తెలుస్తుంది?"

సకరియా తాత నవ్వడం మొదలుపెట్టాడు. పళ్ళు లేని నవ్వు, చప్పుడు లేకుండా భుజాలు మాత్రం ఎగిరెగిరి పడే నవ్వు. అది పక్కవాడికి అంటుకుంది, అక్కడినుంచి చాపంతా పాకింది. చివరికి జెబెదియా పెదవి కూడా ఒక పక్కకు వంగింది. అతను మూతి తుడుచుకుని, గొంతు సవరించుకుని, "నోటితో అన్నమాట నోటితోనే తీర్చాలి," అన్నాడు. "ఎవరూ ఉమ్మలేదు. ఎవరూ మొహం చిట్లించలేదు. తడిక పీకండి."

ఇద్దరు మనుషులు తడికను చెరోవైపు పట్టుకుని లేపారు. మూడేళ్ళ గడ్డి, మూడేళ్ళ సాలెగూళ్ళు, దుమ్ము గుప్పున లేచి ఎండలో బంగారు పొడిలా వేలాడాయి. ఆ దుమ్ములోంచి దైలెసి నడిచి వచ్చింది, ఒక చేతిలో సంగటి ముద్ద, ఒక చేతిలో కూర గిన్నె. కంచె దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. తల ఎత్తింది.

వెడల్పు నుదురు. ఎడమ కనుబొమ్మ మీద చిన్న కోత. పై పళ్ళ మధ్య ఒక సందు. గడ్డం ఇంకా సరిగ్గా రాలేదు. ఇన్నాళ్ళూ ఆ మడమలకు ఆమె పెట్టుకున్న ముఖం ఇది కాదు. అది నడివయసు ముఖం.

"ఇంత చిన్నవాడివా నువ్వు!" అంది.

"చిన్నవాణ్ణి కాదత్తా," అన్నాడు యోతాము, కన్నీళ్ళు తుడుచుకోకుండానే. "మీ చేను నన్ను ఇలా అరగదీసింది."

జనం గొల్లుమన్నారు. ఫలెసి ఏడుస్తూ నవ్వింది. దైలెసి ముద్ద ముంచి అతని నోట్లో పెట్టింది, ఇంకోటి చిదిమింది, అది పెట్టి మూడోది చిదిమింది. మధ్య మధ్యలో ఏదేదో చెబుతూనే ఉంది. గాదె కప్పు ఎక్కడ కారుతుందో, ఏ పొద వైపు పాములుంటాయో, నీటిదుప్పిని ఎటునుంచి మొదలుపెట్టి వలవాలో, ఫలెసికి కోపం వస్తే ఎంతసేపు పలకరించకూడదో. అతను నమలడం, తల ఊపడం, అంతే.

మామిడి నీడలోంచి జెబెదియా ఖాళీ గిన్నె ఎత్తి చూపించాడు. "చెల్లీ! ఇటు చూడవేం? కూర ఏదీ?"

దైలెసి అటు తిరగలేదు.

"కాస్త ఆగు అన్నయ్యా," అంది. "అల్లుడు తింటున్నాడు."